అశ్వారూఢుడు వెన్సెస్లాస్

పలాస, కాశీబుగ్గ, టెక్కలి కూడళ్ళలోను, ఉద్దానపు ఊళ్ళ రచ్చబండల దగ్గర కూడా పెద్దల విగ్రహాలు కనిపిస్తాయి. జయంతికి ఒక పూలదండ, వర్ధంతికి ఒక పూలదండ. తక్కిన రోజులలో వాటి నీడన బస్సు కోసం ఎదురుచూసేవారు, జీడిపిక్కల బస్తాలు దింపుకొనేవారు నిలబడి ఉంటారు. విశాఖ పాత నగరంలో విక్టోరియా మహారాణి విగ్రహమున్న చోటును జనం రాణిబొమ్మ అని పిలుచుకుంటారు. ఆ రాణి ఎవరో, ఏం చేసిందో తెలియని వారికి కూడా ఆ చోటు తెలుసు. విగ్రహం చాలాసార్లు మనిషిని మరిపించి, కూడలికి గుర్తుగా మిగిలిపోతుంది. అలా మరపున పడకుండా వెయ్యేళ్ళనాటి ఒక మనిషిని మళ్ళీ మళ్ళీ జనం మధ్యకు రప్పించిన విగ్రహం ఒకటి చెక్ దేశ రాజధాని ప్రాగ్ నగరంలో ఉంది.

ఆ నగరంలో సుమారు 750 మీటర్ల పొడవున సాగే విశాలమైన వీధి ఒకటి ఉంది. 14వ శతాబ్దిలో నాలుగవ చార్లెస్ చక్రవర్తి కొత్త పట్టణాన్ని నిర్మించినపుడు దానిని గుర్రాల సంతగా ఏర్పాటు చేశాడు. వీధి ఎగువ కొసన, జాతీయ ప్రదర్శనశాల ఎదుట, కంచు గుర్రంపై ఒక యోధుడు కూర్చుని ఉంటాడు. చేతిలో పతాకం కట్టిన ఈటె, ఒంటిపై కవచం. ముఖంలో మాత్రం యుద్ధోత్సాహం లేదు. ప్రాగ్ వాసులు ఒకరినొకరు కలుసుకోవాలంటే గుర్రం దగ్గరికి రమ్మని చెప్పుకుంటారు. చనువున్న మిత్రులు గుర్రం తోక కింద అని కూడా అంటారు. ఆ గుర్రంమీది మనిషి పేరు వాత్స్‌లావ్. లాటిన్, ఆంగ్ల భాషలలో వెన్సెస్లాస్.

వెన్సెస్లాస్ క్రీ.శ. 907 ప్రాంతంలో బొహీమియా పాలక వంశంలో జన్మించాడు. నేటి చెక్ దేశంలో పడమటి భాగమే ఆనాటి బొహీమియా. దానిని ఒక రాజ్యమనడం కంటె చిన్న చిన్న కోటల సముదాయమనడం సబబు. ప్రాగ్ కోటలోని ప్రేమిస్ల్ వంశం వారు తక్కిన తెగల నాయకులపై ఆధిక్యం కోసం పెనుగులాడుతున్న రోజులవి. పడమట జర్మన్ రాజుల బలం పెరుగుతున్నది. తూర్పున హంగేరియన్ అశ్వికదళాలు ఏటేటా దండెత్తి వస్తున్నాయి. పాత దేవతల కొలుపులు ఇంకా ఆగలేదు. క్రైస్తవం కోటలలోకి వచ్చిందే గాని పల్లెల దాకా పూర్తిగా చేరలేదు. వెన్సెస్లాస్ తాత బొర్జివోయ్ ఆ వంశంలో జ్ఞానస్నానం పొందిన మొదటి ప్రభువు.

కాలాన్ని పోల్చుకోవడానికి మన నేలవైపు ఒకసారి చూడవచ్చు. వెన్సెస్లాస్ బొహీమియాను ఏలుతున్న కాలంలోనే వేంగిలో చాళుక్యుల దాయాది పోరు ముదిరింది. తెలుగు విద్యార్థులకు బెజవాడ శాసనం ద్వారా పరిచితుడైన యుద్ధమల్లుడు అప్పటి వాడే. మధ్యాక్కరలలో శాసనం వేయించిన ఆ రాజును 934లో చాళుక్య భీముడు సింహాసనం నుండి తొలగించాడు. వంశధార ఒడ్డున, నేటి ముఖలింగంగా పండితులు గుర్తించిన కళింగనగరంలో గంగరాజులు పాలిస్తున్నారు. అన్నదమ్ములు, పినతండ్రులు, దాయాదులు కిరీటం కోసం ఒకరినొకరు పడగొట్టుకోవడం ఆనాడు ఏ ఒక్క దేశానికో పరిమితమైన విషయం కాదు.

వెన్సెస్లాస్‌ను పెంచినది నాయనమ్మ లుద్మిల. భర్త బొర్జివోయ్‌తోపాటు కొత్త మతాన్ని స్వీకరించిన ఆమె, పెద్ద మనుమడిని తన చెంతనే ఉంచుకొని చదువు చెప్పించింది. పూజల్లో స్లావు భాషనూ లాటిన్‌నూ వాడే రెండు సంప్రదాయాలూ అక్కడ పక్కపక్కనే ఉన్న కాలం అది. బాలుడు రెండింటినీ నేర్చాడు. బుదెచ్ అనే కోటలోని చర్చి వద్ద అతడు లాటిన్ అభ్యసించాడని చెబుతారు. కత్తి పట్టడమే చదువుగా భావించే ప్రభువుల ఇళ్ళలో పుస్తకం చదవగలిగిన రాకుమారుడు అరుదు. ఈ పుస్తకాల చదువే అతడిని మెత్తని వాడిగా మార్చిందని ఆ తరువాత కోటలోని వీరులు కొందరు సణిగారని పాత కథలు చెబుతాయి.

921లో తండ్రి వ్రాతిస్లావ్ మరణించాడు. వెన్సెస్లాస్‌కు అప్పటికి 14 ఏళ్ళుంటాయేమో. పిల్లవాడి పేరిట తల్లి ద్రహోమీర పాలన చేపట్టింది. పిల్లలను పెంచే హక్కు అత్తదా, కోడలిదా అన్న వివాదం కోట గోడల లోపల రగిలింది. దీనిని ఇంటి తగవుగా మాత్రమే చూడరాదు. బాలప్రభువు ఎవరి అధీనంలో ఉంటే దేశమూ వారిదే. లుద్మిల తగవు పెంచుకోక తెతీన్ అనే చోటికి తొలగిపోయింది. అయినా కోడలికి నమ్మకం కుదరలేదు. అదే ఏడు సెప్టెంబరు 15 రాత్రి ద్రహోమీర పంపిన మనుషులు ఇద్దరు తెతీన్ చేరి ఆ వృద్ధురాలి గొంతు బిగించి చంపారు. రక్తం చిందితే ఆమెను వీరమరణం పొందిన పునీతురాలిగా కొలుస్తారన్న భయంతో అలా చేశారని ఒక కథనం ఉంది. ఆమె ముసుగు వస్త్రమే ఉరితాడైందని మరొక కథనం. చిత్రాలలో, శిల్పాలలో లుద్మిల మెడచుట్టూ ఆ ముసుగు నేటికీ కనిపిస్తుంది.

పెంచిన నాయనమ్మను కన్నతల్లి చంపించింది. వెన్సెస్లాస్ జీవితానికి ఇది పునాది దుఃఖం. 18 ఏళ్ళు నిండే ప్రాయంలో, సుమారు 925లో, పాలన తన చేతికి రాగానే అతడు చేసిన మొదటి పనులు రెండు. తల్లిని దేశం నుండి పంపివేశాడు. నాయనమ్మ అస్థికలను తెతీన్ నుండి ప్రాగ్ కోటకు గౌరవంగా తెప్పించి, పునీత జార్జి చర్చిలో సమాధి చేయించాడు. కొంతకాలం గడిచాక తల్లిని మళ్ళీ పిలిపించుకొన్నాడు. శిక్ష, క్షమ రెండూ ఒకే మనిషి నుండి, ఒకే తల్లి విషయంలో వచ్చాయి. అతని దయను గురించిన కథలు చాలా ఉన్నాయిగాని, తల్లిని తిరిగి ఇంటికి రానివ్వడాన్ని మించిన సాక్ష్యం వాటిలో లేదు.

ఆ కథలలో వెన్సెస్లాస్ రాత్రివేళ మారువేషంలో పొలాలకు వెళ్ళి గోధుమలు కోస్తాడు, ద్రాక్షలు తెస్తాడు. తన చేతులతో పూజకు అప్పమూ ద్రాక్షారసమూ సిద్ధం చేస్తాడు. చెరసాలలను దర్శిస్తాడు, ఉరికొయ్యలను కూల్పిస్తాడు. బానిసలుగా అమ్ముడుపోయే పిల్లలను డబ్బిచ్చి విడిపిస్తాడు. ఇవన్నీ అతడు మరణించిన తరువాత మఠాలలో రాసినవి. పునీతుడు ఎలా ఉండాలో ముందే నిర్ణయించుకొని రాసిన రచనలలో అతిశయోక్తి తప్పదు. మన ప్రబంధాలలోని రాజవర్ణనలు చదివిన వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. అయితే బానిసల ప్రస్తావనను కేవలం కల్పనగా కొట్టివేయలేము. 10వ శతాబ్ది నడిమిలో ప్రాగ్‌ను చూసిన ఇబ్రహీం ఇబ్న్ యాకూబ్ అనే యాత్రికుడు ఆ నగరపు సంతలో సరుకులతోపాటు బానిసల వ్యాపారం సాగేదని రాశాడు. బంధీలను పట్టుకొని అమ్మడం ఆనాటి ప్రభువులకు పెద్ద రాబడి. ఆ రాబడిపై ప్రభువే అయిష్టం చూపితే వీరగణానికి అది మింగుడుపడే విషయం కాదు.

929లో అసలు పరీక్ష ఎదురైంది. జర్మన్ రాజు మొదటి హెన్రీ పెద్ద సేనతో బొహీమియాలోకి ప్రవేశించి ప్రాగ్ ఎదుట నిలిచాడు. బవేరియా ప్రభువు ఆర్నుల్ఫ్ కూడా అతనితో చేతులు కలిపాడు. వెన్సెస్లాస్ ముందున్న దారులు రెండే. కోటలో మూసుకొని పోరాడి, పల్లెలు తగులబడుతుంటే చూడటం ఒకటి. తలవంచి కప్పం కట్టడం రెండవది. అతడు రెండవ దారిని ఎన్నుకొన్నాడు. జర్మన్ రాజు ఆధిక్యాన్ని అంగీకరించి ఏటా కప్పం చెల్లించడానికి ఒప్పుకొన్నాడు. సేనలు తిరిగి వెళ్ళాయి. ప్రాగ్ నిలిచింది, ప్రేమిస్ల్ వంశపు పాలన నిలిచింది. హెన్రీ నుండి అతనికి పునీత వీతుస్ భుజాస్థి కానుకగా లభించిందని, దానికోసమే ప్రాగ్ కోటలో గుండ్రని చర్చిని కట్టించాడని చెబుతారు. ఆ చిన్న చర్చి ఉన్న చోటనే నేటి మహాలయం వెలసింది.

ఈ నిర్ణయం పిరికితనమా, వివేకమా అన్న చర్చ చెక్ దేశంలో నేటికీ తెగలేదు. కప్పం కట్టేది ప్రభువు కాదు, రైతు. పశువులనూ వెండినీ ఏటేటా తోలి పంపడం ఎవరికీ సంతోషం కలిగించదు. కాని యుద్ధం వచ్చినా మొదట నష్టపోయేది ఆ రైతే. వెన్సెస్లాస్ ఈ రెండింటినీ బేరీజు వేసుకొన్నట్లే తోస్తుంది. ఆత్మాభిమానం దెబ్బతిన్న కోట వీరులకు మాత్రం ఆ లెక్క రుచించలేదు. వారు అతని తమ్ముడి చుట్టూ చేరారు.

తమ్ముడు బొలెస్లావ్‌కు ప్రాగ్‌కు ఈశాన్యాన సుమారు 25 కిలోమీటర్ల దూరంలో సొంత కోట ఉండేది. కోట పేరు కూడా అతని పేరే. అక్కడి చర్చిలో పునీతులు కోస్మాస్, దమియానుల పండుగ జరుగుతున్నదని, రమ్మని అన్నకు కబురు పంపాడు. కుట్ర సంగతి కొందరు ముందే చెవిన వేసినా వెన్సెస్లాస్ నమ్మలేదని, నమ్మినా విందునుండి లేచిపోలేదని కథనాలు చెబుతాయి. మరునాటి వేకువన, సెప్టెంబరు 28న, అతడు ఒంటరిగా ప్రాతఃకాల పూజకు బయలుదేరాడు. దారిలో తమ్ముడు ఎదురై కత్తి దూశాడు. అన్న బలహీనుడు కాడు. తమ్ముడిని నేలకు పడదోసి, కత్తి లాగుకొని, చంపగలిగి ఉండికూడా చంపలేదు. ఆ సందులో బొలెస్లావ్ మనుషులు పరుగున వచ్చి మీదపడ్డారు. ఆశ్రయం కోసం చర్చి తలుపు వద్దకు చేరిన ప్రభువు ఆ గుమ్మంలోనే కూలిపోయాడు. ఈ హత్య 935లో జరిగిందని ఎక్కువమంది చరిత్రకారులు భావిస్తున్నారు. 929 అనే వారూ ఉన్నారు. వయస్సు 30కి అటూ ఇటూ.

ఆ విందు సమయంలోనే బొలెస్లావ్‌కు కుమారుడు పుట్టాడని, భయంకరమైన విందు అని అర్థం వచ్చే పేరు ఆ బిడ్డకు పెట్టారని, చేసిన పాపానికి ప్రాయశ్చిత్తంగా తండ్రి అతడిని దేవుని సేవకు సమర్పించాడని ఒక ప్రాచీన కథనం ఉంది. వెన్సెస్లాస్, లుద్మిలల చరిత్రను లాటిన్‌లో రాసిన క్రిస్టియన్ అనే సన్యాసి ఇతడేనని కొందరి ఊహ. అది నిజమైతే హతుడి కీర్తిని లోకానికి అందించిన వాడు హంతకుని కొడుకే అవుతాడు.

ఇక్కడ చరిత్ర ఒక చిక్కు ప్రశ్న వేస్తుంది. బొలెస్లావ్ చెడ్డ పాలకుడు కాడు. అన్నను చంపి గద్దె ఎక్కినవాడు దాదాపు మూడున్నర దశాబ్దాలు ఏలాడు. జర్మన్ రాజుతో 14 సంవత్సరాలు పోరాడాడు. చివరకు 950లో అతడూ తలవంచక తప్పలేదు. అన్న ఒక్క రోజులో ఒప్పుకొన్న దానికే తమ్ముడు అన్ని ఏళ్ళ రక్తపాతం తరువాత ఒప్పుకొన్నాడు. 955లో హంగేరియన్లపై జరిగిన లెహ్‌ఫెల్డ్ యుద్ధంలో చెక్ సైన్యం జర్మన్ల పక్షాన నిలిచింది. బొహీమియాలో తొలి వెండి నాణేలు వేయించినది బొలెస్లావే. రాజ్యాన్ని తూర్పు దిక్కుకు విస్తరించినదీ అతడే. అతని కుమార్తె దొబ్రావాను పోలండు ప్రభువు మియెష్కో పెండ్లాడిన మరుసటి ఏడు, 966లో, ఆ ప్రభువు జ్ఞానస్నానం పొందాడు. దేశానికి ఎముకల గూడు కట్టినవాడు తమ్ముడే. అయినా జనం అతనికి క్రూరుడు అన్న బిరుదు తగిలించి ఊరుకున్నారు. అతని గుర్రానికి కంచు పోసినవారు లేరు.

అన్నను చంపిన మూడేళ్ళకే బొలెస్లావ్ ఆ శరీరాన్ని ప్రాగ్‌కు తరలించి, అన్న కట్టించిన చర్చిలోనే ఉంచాడు. అది పశ్చాత్తాపమో, రాజనీతియో తేల్చడం కష్టం. ఆ శతాబ్ది ముగియకముందే వెన్సెస్లాస్‌ను పునీతుడిగా కొలవడం మొదలైంది. కాలక్రమాన అతడు దేశానికి శాశ్వత ప్రభువు అన్న భావన పుట్టింది. బతికున్న రాజులు అతని తరఫున తాత్కాలికంగా ఏలేవారే. నాలుగవ చార్లెస్ ఈ భావనకు బంగారు రూపం ఇచ్చాడు. ఆ చక్రవర్తికి జ్ఞానస్నానంలో పెట్టిన పేరు కూడా వాత్స్‌లావే. 1340ల నడుమ అతడు కొత్త కిరీటం చేయించి, దానిని తనది కాక పునీత వెన్సెస్లాస్‌దిగా ప్రకటించాడు. పట్టాభిషేకం నాడు రాజులు ఆ కిరీటాన్ని అరువు తెచ్చుకొని ధరించి, మరల అప్పగించాలి. తక్కిన రోజులలో అది ఆ పునీతుని కపాలంపైన ఉండేది.

విగ్రహం చరిత్ర కూడా ఒక జీవితమంత పొడవైనది. 17వ శతాబ్దిలో బెండ్ల్ అనే శిల్పి చెక్కిన రాతి అశ్వారూఢ విగ్రహం ఒకటి గుర్రాల సంతలో ఉండేది. 1848 జూన్ 12న ఆ విగ్రహం ముందు జరిగిన బహిరంగ పూజ తరువాతనే ఆస్ట్రియా సైన్యంతో ఘర్షణ మొదలై ప్రాగ్ తిరుగుబాటుగా మారింది. అదే సంవత్సరం హావ్లీచెక్ అనే పాత్రికేయుని సూచన మేరకు సంతవీధి పేరును వెన్సెస్లాస్ చౌకుగా మార్చారు. 1879లో పాత విగ్రహాన్ని వేరొక చోటికి తరలించారు. కొత్తది చేసే బాధ్యత మిస్ల్‌బెక్ అనే శిల్పి స్వీకరించాడు. సుమారు 3 దశాబ్దాలు అతడు దానితోనే బతికాడు. ఆర్డో అనే సైనికాశ్వాన్ని నమూనాగా పెట్టుకొని, గుర్రం అడుగు, మెడ వంపు పదేపదే మార్చాడు. తొలి నమూనాలలో ఉరకలెత్తే వీరుడిగా ఉన్న రౌతు చివరకు నిశ్చలంగా, ఆలోచనలో ఉన్న ప్రభువుగా మిగిలాడు. 1912లో విగ్రహం పీఠమెక్కింది. చుట్టూ నలుగురు చెక్ పునీతులు: లుద్మిల, ప్రోకోప్, ఆగ్నెస్, వొయ్‌త్యెహ్. నాలుగవ విగ్రహం 1924లో గాని చేరలేదు. చంపబడిన నాయనమ్మ మనుమడి గుర్రం పక్కనే నిలిచి ఉండటం ఈ శిల్పంలో అన్నిటికంటె హృద్యమైన భాగం.

విగ్రహం పీఠమెక్కిన ఆరేళ్ళకు, 1918 అక్టోబరు 28న, ఆస్ట్రియా పాలన ముగిసిందని, చెకోస్లొవేకియా స్వతంత్రమైందని దానిముందు గుమిగూడిన జనం విన్నారు. 1939లో జర్మన్ నాజీలు దేశాన్ని ఆక్రమించాక అదే వెన్సెస్లాస్‌ను తమకు అనుకూలంగా తిప్పుకోజూశారు. జర్మన్ రాజుకు విధేయుడై శాంతిగా జీవించిన ప్రభువని చూపి, తమకు ఊడిగం చేసినవారికి అతని పేరిట పతకమిచ్చారు. కప్పం కట్టిన చేతిని చూపించి కట్టించుకొన్నవాడి చేతిని దాచడం ఆక్రమణదారులకు అలవాటే. 1968 ఆగస్టులో సోవియట్ కూటమి యుద్ధట్యాంకులు ఆ చౌకులోకి వచ్చినపుడు యువకులు విగ్రహం మీదికెక్కి జెండాలు పట్టారు. మరుసటి జనవరిలో యాన్ పాలాహ్ అనే 20 ఏళ్ళ విశ్వవిద్యాలయ విద్యార్థి అదే చౌకు ఎగువన ఆత్మాహుతికి పాల్పడి మూడు రోజులకు మరణించాడు. ఆ కుర్రవాని మరణం దేశాన్ని ఏళ్ళ తరబడి బాధించింది.

1989 నవంబరు 12న ఆగ్నెస్‌ను రోమ్ నగరంలో పునీతురాలిగా ప్రకటించారు. శిల్పి అంతకు ఎంతో ముందే ఆమెను గుర్రం పక్కన నిలబెట్టి ఉంచాడు. అయిదు రోజుల తరువాత విద్యార్థుల ఊరేగింపుపై పోలీసులు లాఠీలు ఝళిపించారు. ఆపైన ప్రతి సాయంత్రం లక్షల జనం చౌకును నింపారు. తాళంచెవుల గుత్తులు పైకెత్తి గలగలలాడించడం వారి నిరసన. తుపాకి పేలకుండానే ఆ ప్రభుత్వం దిగిపోయింది. రక్తపాతాన్ని తప్పించిన ప్రభువు విగ్రహం కింద అది జరగడం యాదృచ్ఛికమే కావచ్చు. 1993లో చెకోస్లొవేకియా రెండు దేశాలుగా విడిపోయినపుడు కూడా కత్తి లేవలేదు.

విగ్రహాన్ని దేవుడిలా చూసే ప్రజలే దానితో పరిహాసమూ ఆడతారు. 1999లో దావిద్ చెర్నీ అనే శిల్పి, చచ్చి తలకిందులుగా వేలాడే గుర్రం పొట్టమీద వెన్సెస్లాస్‌ను కూర్చోబెట్టాడు. చౌకుకు దగ్గరలోని ఒక భవనపు నడవలో అది నేటికీ వేలాడుతున్నది. కాళ్ళు పైకి కట్టిన ఆ గుర్రంపైన రౌతు మాత్రం ఏమీ జరగనట్లు నిటారుగా ఉంటాడు. ఇంగ్లండులో 1853లో ఒక గురువు రాసిన క్రిస్మస్ పాట అతడిని మంచులో పేదవాడికి కట్టెలు, ఆహారం మోసుకుపోయే మంచి రాజుగా చిత్రించింది. జీవించి ఉన్నప్పుడు అతడు రాజు కాడు, ప్రభువు మాత్రమే. అయినా ఆంగ్లంలో క్రిస్మస్ కీర్తనలు పాడే చోట్ల అతడు రాజుగానే స్థిరపడిపోయాడు.

2000 నుండి సెప్టెంబరు 28 చెక్ దేశంలో రాజ్యప్రతిష్ఠా దినంగా సెలవు దినమైంది. ఆ రోజు పునీతుని కపాలాన్ని, రాతి కోటలోని అతని ప్రార్థన మందిరం నుండి అతడు హత్యకు గురైన పట్టణానికి తీసుకువెళ్ళి, జనం నడుమ ఊరేగిస్తారు. ఆ పట్టణం పేరు స్తారా బొలెస్లావ్. పాత బొలెస్లావ్ అని దాని అర్థం. తమ్ముడి పేరును ఆ ఊరు మార్చుకోలేదు.